చింతమొక్కల పథ్యం

రాజోలు బస్సు ఎక్కుతూ కూడా రమ్యశ్రీ మొక్కల గురించే చెప్పింది. ఒక చేత్తో పాపని, ఇంకో చేత్తో సంచిని పట్టుకుని మెట్టు మీద నిలబడి, కండక్టరు కసురుకుంటున్నా వినిపించుకోకుండా, "మాస్టారూ, ఈనె గుచ్చి చూడకుండా మాత్రం నీళ్ళు పొయ్యకండేం. మర్చిపోరు కదండీ?" అంది.

"మర్చిపోనమ్మా. నువ్వు ముందు అమ్మని చూసుకో," అన్నాను.

బస్సు కదిలి, మలుపు తిరిగి, కనబడకుండా పోయాక నాకు భయం వేసింది.

రమ్యశ్రీ మా మేడ మీద వాటాలో అద్దెకుంటుంది. భర్త భాస్కర్ దోహాలో డ్రైవరు. ఆ అమ్మాయి బీయస్సీ చదివింది. నాలుగేళ్ళ కిందట, కొత్త చింతపండు వచ్చే రోజుల్లో, నా భార్య సీతారత్నం వరండాలో కత్తిపీట ముందేసుకుని పిక్కలు తీస్తూంటే, పక్కన కూర్చుని కబుర్లు చెప్తూ ఆ పిక్కలన్నీ చున్నీలో పోగేసుకుంది. "అన్ని పిక్కలెందుకే నీకు? అష్టాచెమ్మా ఆడతావా?" అని సీతారత్నం నవ్వింది. ఆ పిక్కలే ఇప్పుడు మట్టి పళ్ళేల్లో చిటికెన వేలంత మొదళ్ళతో, జానెడు ఎత్తులో, అచ్చం పెద్ద చింతచెట్లలా కొమ్మలు చాచి నిలబడి ఉన్నాయి. కొమ్మలకు సన్నని తీగ చుట్టి, కొత్త చిగుళ్ళు గిల్లుతూ, వేళ్ళు కత్తిరిస్తూ వాటిని అలా తీర్చింది. పక్కన జువ్విమొక్కలు కొన్ని, నేరేడు ఒకటి. సీతారత్నం పోయిన కార్తీకంలో వెళ్ళిపోయింది. పిక్కలు చెట్లవడం సగమే చూసింది.

రమ్యశ్రీకి ఇది సరదా కాదు. దిండి దగ్గర ఒక రిసార్టు మేనేజరు ఎవరింట్లోనో ఆమె మొక్కని చూసి, కొత్తగా కడుతున్న భోజనాల హాల్లో ప్రతి టేబులు మీదా ఒక చిన్న చెట్టు పెట్టాలనుకుంటున్నామని ఫోన్ చేశాడు. నెలాఖరుకి వచ్చి తీసుకెళ్తానన్నాడు. సరిగ్గా అదే సమయంలో కువైట్‌లో ఉన్న ఆమె అక్క హేమ, ఒక ఇంట్లో ముసలావిడని చూసుకునే ఉద్యోగం కుదిర్చింది. పాపను హాస్టల్లో వేసి వచ్చెయ్యమంది.

"రిసార్టు వాళ్ళు తీసుకుంటే నాకు ఇక్కడే పని దొరికినట్టేనండీ. హేమక్కకి రానని చెప్పేస్తాను," అంది రమ్యశ్రీ ఒకరోజు, నేరేడుకి తీగ చుడుతూ. "తీసుకోకపోతే వెళ్ళాలండి, ఆయన పంపేది సరిపోవట్లేదు. పాపకి ఇంకా జడ వేసుకోవడం కూడా రాదు."

అంతలో రాజోల్లో వాళ్ళమ్మ బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పాపకు ఎలాగూ వేసవి సెలవులు కాబట్టి వెంట తీసుకుని, మొక్కల్ని నాకప్పగించి వెళ్ళింది.

వైశాఖమాసపు ఎండకి మేడ మీద మొక్కలు మాడిపోతాయని, వెళ్ళే ముందు అన్నిటినీ కిందికి దించి తూర్పు వరండాలో, గేటు పక్కన బల్ల మీద వరసగా పేర్చింది. కొబ్బరి ఈనె మట్టిలో గుచ్చి తియ్యాలి, తడిగా వస్తే నీళ్ళు అక్కర్లేదు, పొడిగా వస్తేనే పొయ్యాలి. నానబెట్టిన వేరుశనగ చెక్క తేటని బాగా పల్చన చేసి పక్షానికి ఒక్కసారి మాత్రమే ఇవ్వాలి. "ఆకలిగా ఉన్నట్టే కనిపిస్తాయండి. మీరేం పట్టించుకోకండి. పసివి కదా, ఎక్కువ పెడితే అరాయించుకోలేవు."

ఇది చెప్పినంత తేలిక కాదని నాకు మొదటిరోజే తెలిసింది.

సీతారత్నం పోయినప్పటి నుంచీ నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకావడం లేదు. పేపరు తీస్తాను, సగం చదివి లేస్తాను. గేటు దాకా వెళ్తాను, ఎందుకొచ్చానో తెలియక వెనక్కొస్తాను. కాలేజీలో నిలబడి పాఠాలు చెప్పిన కాళ్ళు కదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు లేవడానికి ఒక కారణం దొరికింది. ఈనె గుచ్చడం, తియ్యడం, బుగ్గకి ఆనించి చల్లదనం చూసుకోవడం. ఇందాకే చూశాను కదా అని తెలుసు. అయినా మళ్ళీ చూడాలనిపిస్తుంది. ఒక్కోసారి చెయ్యి ఊరుకోక, తడి ఉన్నా చెంబెడు నీళ్ళు పోసేవాణ్ణి.

వారం తిరిగేసరికి ఒక చింతమొక్క ఆకులు పసుపుపచ్చగా మారాయి. మర్నాటికి దాని పక్కదీ. జువ్వి ఆకుల అంచులు మాడినట్టు గోధుమరంగుకి తిరిగాయి. మట్టి పైన తెల్లగా పొరలాంటిది కట్టింది. వీటన్నిటికీ మించి, వరండాలో అంతకు ముందు లేని ఒక వాసన. పులిసిన పిండికీ, తిరనాళ్ళ మర్నాటి గుడికీ మధ్య వాసన.

సాయంత్రం రమ్యశ్రీ ఫోన్ చేసింది. "ఎలా ఉన్నాయండీ?"

"బానే ఉన్నాయమ్మా. అమ్మకెలా ఉంది?"

"మందులకి మగతగా పడుకుంటోందండి. చింతలు సాయంత్రం ఆకులు ముడుస్తున్నాయాండీ?"

నేను బల్ల వైపు చూశాను. చింతాకు పొద్దు వాలగానే రెక్కలు దగ్గరికి చేర్చుకుని నిద్రపోతుంది. ఎప్పుడూ ఉన్న సంగతే గనుక నేను గమనించనేలేదు. ఆ సాయంత్రం చూస్తే ఆకులు తెరుచుకునే ఉన్నాయి, నిద్రపట్టని మనుషుల్లా.

"ముడుస్తున్నాయి," అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ అబద్ధం ఒంట్లో ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే మామూలుగా కాలవగట్టు మీదికి నడకకి బయల్దేరాను. మరమ్మతులకని కాలవ కట్టేశారు. అడుగున బురద, మధ్యలో చిన్న చిన్న గుంటల్లో నీళ్ళు, వాటి చుట్టూ కొంగలు. నాలుగడుగులు వేశానో లేదో మొక్కలే కళ్ళ ముందు మెదిలాయి. ఇంక నడవలేక వెనక్కి తిరిగాను.

మా గేటు తీసి ఉంది. బల్ల దగ్గర వెంకటకృష్ణ గారు వంగుని ఉన్నారు. ఆయన మా వీధి చివర శివాలయంలో అర్చకులు. చేతిలో చిన్న రాగిచెంబు. అందులోంచి కాసిని పాలు ఒక చింత పళ్ళెంలోకి, కాసిని పక్క పళ్ళెంలోకి ఎంతో భక్తిగా వంచుతున్నారు.

"పంతులుగారూ!"

ఆయన తుళ్ళిపడలేదు. చల్లగా నవ్వారు. "అభిషేకం పాలండి, మాస్టారూ. ఎవరూ తొక్కని చోట పొయ్యాలి కదా. ఇదివరకు గుడి వెనక గన్నేరు మొదట్లో పోసేవాణ్ణి. అక్కడ బైకులు పెడుతున్నారు. ఇక్కడైతే చక్కగా బల్ల మీద ఉన్నాయి, కాలు తగిలే పనే లేదు."

"రోజూ పోస్తున్నారా?"

"రోజూ పాలే ఉంటాయాండీ? సోమవారం పంచామృతం."

పంచామృతం. తేనె, పంచదార, పెరుగు, నెయ్యి. బల్లకాలు వెంట ఎర్రచీమలు ఎందుకు బారులు తీరుతున్నాయో అప్పుడర్థమైంది.

నేను నోరు తెరిచే లోపల గేటు మళ్ళీ కిర్రుమంది. ఎదురింటి దుర్గమ్మ గారు. ఎడం చేతిలో నాకోసం మూతపెట్టిన గిన్నె, కుడి చేతిలో ఇంకో గిన్నె. నన్ను చూసి ఆగిపోయారు. "మీరు నడక్కి వెళ్ళలేదాండీ?"

"ఆ రెండో గిన్నె ఏంటండీ దుర్గమ్మ గారూ?"

"ఏముందండీ, గంజి. వేడి చల్లారేకే తెచ్చేను. కంగారుపడకండి."

"మొక్కలకా?"

"మరి ఆ పిల్ల మొక్కల్ని మనకొదిలేసి వెళ్ళింది. చూస్తూ ఊరుకుంటామా ఏంటండీ? పాపం, నాలుగేళ్ళయినా జానెడే ఉన్నాయి. రోజూ అంటే రోజూ కాదులెండి. ఏకాదశి నాడు పొయ్యలేదు, అన్నం వండలేదు కదా."

పక్కింటి గోడ మీదుగా భీమరాజు గారి తల కనబడింది. ఆయనకి అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. ఇంటి వెనక ఒక గేదె ఉంది. "ఏంటండీ మాస్టారూ, పొద్దున్నే పంచాయితీ?"

దుర్గమ్మ గారు చెప్పారు. భీమరాజు గారు కాసేపు ఆలోచించి, "గంజిలో ఏం బలం ఉంటాదండీ," అన్నారు. "నేను కొబ్బరిచెక్క పొడి చేసి వేస్తున్నాను. మా గేదెకి పెట్టేదే. ఆయ్, అసలైన గానుగ చెక్కండి, కల్తీ లేదు."

"మీరు కూడానా?"

"ఎదుగూ బొదుగూ లేకుండా అలా ఉండిపోతే చూడలేకపోయేనండి."

ముగ్గురూ నా వైపు చూశారు, మెచ్చుకుంటాననుకున్నట్టు. కోప్పడదామంటే ఎలా కోప్పడను? సీతారత్నం పోయిన మర్నాటి నుంచీ నాకు రెండు పూటలా అన్నం పెడుతున్నది ఈ ముగ్గురిళ్ళే. ఇంట్లో క్యారేజీ గిన్నెలు ఎవరివి ఎవరివో తెలియకుండా పోయాయి. పనసపొట్టు కూర, పులిహోర, బొబ్బట్లు, వద్దంటే బాధపడతారని తిన్నాను. ఆకలి లేకపోయినా తిన్నాను. నాకు పెట్టడానికి ఆ బల్ల పక్క నుంచే వస్తారు. ఒక ఇంటికొచ్చి ఒకరికే పెట్టి, పక్కనున్న పసివాళ్ళకి పెట్టకుండా వెళ్ళే మనుషులు కారు మా వాళ్ళు.

వాళ్ళు వెళ్ళాక ఫొటోలు తీసి రమ్యశ్రీకి పంపాను. నిన్న చెప్పింది అబద్ధమని రాశాను. ఎవరెవరు ఏం పోశారో, నేను పోసిన నీళ్ళతో సహా, ఏదీ దాచకుండా రాశాను.

జవాబు వచ్చేదాకా నేను వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. చివరికి ఫోన్ మోగింది. ఆమె గొంతు బొంగురుగా ఉంది, కానీ మాట తొణకలేదు.

"మాస్టారూ, అన్నిటికన్నా పాడైనదాన్ని పళ్ళెంలోంచి నెమ్మదిగా పైకి తియ్యండి. వేళ్ళు చూసి చెప్పండి."

తీశాను. నల్లగా, మెత్తగా ఉన్నాయి, వేలితో తాకితే తోలు ఊడొచ్చేస్తోంది. మొదట్లో మాత్రం కొన్ని తెల్లవి మిగిలాయి.

"తెల్లవి ఉన్నాయాండీ?"

"ఉన్నాయమ్మా. కొన్ని."

"అయితే నల్లవి కత్తిరించెయ్యండి. మేడ మీద గోనెసంచిలో ఇసకా, ఇటికముక్కలూ ఉన్నాయి, వాటిలో పాతండి. మిగతా పళ్ళేలన్నిటికీ కింద కన్నంలోంచి తేటగా దిగేదాకా నీళ్ళు ధారగా పోసి కడిగెయ్యండి. మంచినీళ్ళండి, మన బోరు నీళ్ళు కాదు, వాటిలో ఉప్పుంది. ఆ తర్వాత నేనొచ్చేదాకా ఏమీ పెట్టకూడదు. ఏమీ."

కాలవ కట్టేశారు, కుళాయి రోజు విడిచి రోజు సన్నగా వస్తోంది. మంచినీళ్ళెక్కడివి? గోడ దగ్గరికి వెళ్ళి భీమరాజు గారితో సంగతంతా చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. "మేవే చంపేసేవాండీ?" అన్నారు మెల్లగా. నేను జవాబు చెప్పే లోపే చొక్కా తగిలించుకుని వెళ్ళి, తాగేనీళ్ళు అమ్మే ప్లాంటు నుంచి ఆటోలో టిన్నులు దింపించారు. దుర్గమ్మ గారు చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి వచ్చి కింద కూర్చున్నారు. తోటకూర బాగుచేసినట్టు నల్లవేళ్ళని కత్తెరతో ఏరి పక్కన పడేస్తుంటే, వెంకటకృష్ణ గారు అదే రాగిచెంబుతో ఒక్కో పళ్ళెం మీద ధార పట్టారు. పెదవులు కదులుతున్నాయి. ఏ మంత్రమో నేనడగలేదు. పెట్టే చేతికి కడగడానికైనా ఒక పని దొరికింది కదా అని నా మనసు కాస్త తేలికపడింది.

పని సాగుతుండగా దుర్గమ్మ గారు ఒక మొక్కని వెలుతురులోకి ఎత్తిపట్టుకుని చూశారు. "ఒళ్ళంతా ఇలా పచ్చబడిపోయిందేంటండీ. కామెర్లు గాని వచ్చేయా?"

ఆ మాట నాకు దేవుడిచ్చినట్టనిపించింది. ఏమీ పెట్టొద్దని ఈ మనుషులకి ఎలా చెప్పాలా అని పొద్దుట్నుంచీ కొట్టుకుపోతున్నాను. "ఆయ్, కామెర్లేనండి," అన్నాను.

"అమ్మో! అయితే పథ్యం ఉండాలి!"

"ఉండాలండి. రమ్యశ్రీ కూడా అదే చెప్పింది."

"నూనె తగలకూడదు. పాలు తగలకూడదు. పంతులుగారూ, వింటున్నారా? పులుపు అసలే తగలకూడదు."

"చింతచెట్టుకి పులుపు పథ్యవేంటండీ దుర్గమ్మ గారూ!" భీమరాజు గారు నవ్వాపుకోలేకపోయారు.

"మీరు నవ్వకండి. మీ చెక్క వల్లే వచ్చింది ఇదంతా."

"గంజి వల్ల రాలేదేం?"

"గంజి చలవండీ!"

ఆ సాయంత్రం భీమరాజు గారి భార్య కుమారి గారు నాకు పనసపొట్టు కూర పంపబోతే, దుర్గమ్మ గారే గేటు దగ్గర అడ్డం పడ్డారట. ఇంట్లో పసివాళ్ళు పథ్యంలో ఉంటే వాళ్ళ ఎదురుగా కూర్చుని ఆవ పెట్టిన కూర ఎలా తింటారు, దిష్టి కదా అని. కుమారి గారు ఈ మాట నాకు చెప్పినప్పుడు, "నిజమేనండి. నాక్కూడా అన్నాళ్ళూ చారన్నం చాలు. నేనే కాచుకుంటాను," అనేశాను.

ఆ రోజులు నెమ్మదిగా నడిచాయి. ఎవరూ ఏమీ తేలేదు. నేనూ ఏమీ పొయ్యలేదు, ఈనె పొడిగా వచ్చినప్పుడు తప్ప. ఏమీ చెయ్యకుండా ఉండటం అంత కష్టమని నాకు తెలియదు. చేతులు వెనక్కి కట్టుకుని బల్ల ముందు తిరిగేవాణ్ణి. ఆకులు రాలుతూనే ఉన్నాయి. రాలిన ప్రతి రెక్కా పాప హాస్టలు వైపు ఒక అడుగులా కనిపించేది. ఫోన్లో రమ్యశ్రీ ఇప్పుడు ఒక్కటే అడిగేది, ముడుస్తున్నాయా అని. లేదమ్మా అని నిజం చెప్పేవాణ్ణి. ఒకసారి, "హేమక్క వీసా మెడికల్‌కి తేదీ తీసుకుందండీ," అంది.

ఒక మధ్యాహ్నం పేపరు చదువుతూండగా కడుపులో ఏదో తిప్పినట్టయింది. ఒంట్లో బాగోలేదేమోనని భయపడ్డాను. లేచి వంటింట్లోకి నడిచాక తెలిసింది, అది ఆకలి. సీతారత్నం వెళ్ళిపోయాక నేను మర్చిపోయిన సంగతి. రాకముందే ఎవరో ఒకరు గిన్నె తెచ్చి పెట్టేవారు, అది వచ్చే సందే దొరకలేదు. చారు కాచుకున్నాను. ఉప్పు ఎక్కువైంది. అయినా గిన్నె ఊడ్చుకుని తిని, కుర్చీలో కూర్చుని, పేపరు చివరిదాకా చదివాను.

ఆ సాయంకాలమే, వెలుతురు పోతుండగా, ఈనె తీద్దామని వంగితే చివరి పళ్ళెంలో ఒక్క కొమ్మ మీది ఆకులు రెక్కలు దగ్గరికి చేర్చుకుని ఉన్నాయి. ఎండిపోయిందేమోనని వేలితో తాకాను. మెత్తగా ఉంది. నిద్రపోతోంది. గోడ అవతల భీమరాజు గారిని కేకేశాను. ఆయన దుర్గమ్మ గారిని కేకేశారు. ముగ్గురం గొంతు తగ్గించి, నిద్ర లేపేస్తామేమో అన్నట్టు నిలబడి చూశాం.

వాళ్ళమ్మ వాకర్ పట్టుకుని లేవగలిగాక, నెలాఖరుకి రమ్యశ్రీ వచ్చింది. పాప పరుగున వెళ్ళి బల్ల ముందు ఆగిపోయింది. సంచి దింపకుండానే రమ్యశ్రీ ఒక్కో మొక్క మొదట్నీ గోటితో గీరి చూసింది. కింద పచ్చగా ఉన్నవాటిని ఒకవైపు పెట్టింది. గోధుమరంగు కనిపించినవాటిని ఇంకోవైపు. నేరేడు పోయింది. జువ్వులు నిలబడ్డాయి. చింతల్లో సగానికి పైగా కొత్త చిగురు వేశాయి, గోరంత, లేతెరుపు చిగురు.

"మమ్మల్ని ఏమైనా అనమ్మా," అన్నాను.

"ఏమనమంటారండీ?" అంది. కళ్ళు తుడుచుకుంది. "పంచామృతం తాగిన బోన్సాయి నేనెక్కడా చూళ్ళేదు."

టేబుళ్ళన్నిటికీ ఇవి చాలవు. ఆమె వరండా మెట్టు మీద కూర్చుని రిసార్టు మేనేజరుకి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది. అవతలి మనిషి గొంతు పెరగడం నాకూ వినిపించింది, అయితే నర్సరీలో కొనుక్కుంటామని.

"కొనుక్కోండి సార్," అంది రమ్యశ్రీ. "కానీ ఏసీ హాల్లో పెడితే ఏ చెట్టైనా వారంలో ఆకు రాల్చేస్తుంది. వాటినెవరు చూస్తారండీ? నేను కిటికీ పక్క టేబుళ్ళకి మాత్రం ఇస్తాను. వారం వారం వచ్చి, అలిసిపోయినవాటిని తెచ్చేసుకుని తేరుకున్నవాటిని పెడతాను. చెట్లు మావే, మీరు మా పనికి డబ్బులివ్వండి."

అవతలి గొంతు తగ్గింది. తర్వాత, ఒక నెల చూద్దాం, చిగురు ముదిరాక తీసుకురండి అన్నాడు. అంతకు మించి ఏ మాటా ఇవ్వలేదు.

ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుని పాపని చూసింది. పాప నేల మీద చతికిలబడి, రాలిన చింతరెక్కల్ని లక్కపిడతలో పోసుకుంటోంది. రమ్యశ్రీ మళ్ళీ ఫోన్ ఎత్తింది.

"హేమక్కా, నేనే. ఆ తేదీ మానిపించెయ్యి... లేదక్కా, ఖాయం ఏం లేదు. నెల చూద్దాం అన్నారు, అంతే... తిట్టుకో, పర్లేదు. నేను రాను."

పెట్టేసి, ఊపిరి వదిలి, "భయంగా ఉందండీ," అంది.

"నాకూనమ్మా," అన్నాను.

గేటు కిర్రుమంది. దుర్గమ్మ గారు, ఈసారి ఉత్త చేతులతో. "వచ్చేవా తల్లీ! మరి పథ్యం ఎప్పుడు విడుస్తున్నారు?"

రమ్యశ్రీకి మొదట అర్థం కాలేదు. నేను చెప్పాక, ఆ నెలలో మొదటిసారి నవ్వింది. లోపలికెళ్ళి వేరుశనగ చెక్క తేటని ఒక గిన్నెలో కలిపి తెచ్చి, అందరికన్నా ముందు నిద్రపోయిన ఆ చివరి చింతని చూపించి, చెంచా దుర్గమ్మ గారి చేతికిచ్చింది. "మీ చేత్తోనే పొయ్యండి. ఒక్క చెంచా."

"ఇంతేనా? నీళ్ళలా ఉందేంటమ్మా ఇది!"

"ఇంతేనండి."

దుర్గమ్మ గారు కళ్ళకద్దుకుని పోశారు. పోసి, ఖాళీ చెంచాతో గిన్నె వైపు చూశారు. చెయ్యి కదిలింది.

"చాలండి," అన్నాను.

ఆవిడ ఆగి, చెంచా గిన్నెలో పెట్టేశారు. ఏమీ అనుకోలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "మరి మీకో? సాయంత్రం పెసరట్లు పంపమంటారా?" అన్నారు.

కడుపులోకి చూసుకున్నాను. ఆకలి వేసేలాగే ఉంది.

"ఒక్కటి పంపండి," అన్నాను.